అల్లరి బాలుడు - అపరాధమెవ్వరిది?

బాలునకు మొదటి గురువు తల్లి, రెండవ గురువు తండ్రి, పిమ్మట ఆచార్యుడు. ఈ క్రమమును ఉపనిషత్తులే నిర్దేశించినవి. ఈ మువ్వురును ఒక్క దిక్కునకు నడిపించినపుడు బాలుడు సన్మార్గమున సాగును. మువ్వురును మూడు దిక్కులకు లాగినచో ఆ పసివాని గతి యేమి? బడిలో బాలుడు తప్పు చేసినపుడు ఆ తప్పు బాలునిదా, బడిదా, ఇంటిదా? అతనిని దండించుట ధర్మమా, హింసయా? ఇది చిన్న ప్రశ్నగా తోచవచ్చును. కాని సంతానము గల ప్రతి గృహస్థునకును, చదువు చెప్పు ప్రతి ఉపాధ్యాయునకును ఇది నిత్యము ఎదురగు ధర్మసందేహము.

మా బంధువర్గములో ఒక అమ్మాయి ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయినిగా పనిచేయుచున్నది. మూడవ తరగతి పిల్లలకు చదువు చెప్పును. ఆమె తరగతిలో ఒక బాలుడు కలడు. ప్రక్కవాని పలక లాగికొనును; బలపములు విఱుచును; పాఠము జరుగుచుండగా లేచి బయటికి పరుగిడును; అడ్డుపడిన పిల్లలను కొట్టును. అతని నోట వెలువడు మాటలు పెద్దలు సైతము పలుక సిగ్గుపడదగినవి. ఒకనాడు ఆమె అతనిని గట్టిగా మందలించెను. మఱునాడు ఉదయము ప్రార్థన ముగియకమునుపే తండ్రి వచ్చి, పిల్లలందఱు వినుచుండగా, "మావాణ్ణి అనడానికి మీరెవరు? చదువు చెప్పడం చేతకాక పిల్లవాడి మీద పడతారా?" అని కేకలు వేసెను. ఆ వారముననే వేఱొక బాలుని తల్లి వచ్చి, "టీచరమ్మా, వీడు నా మాట వినడు. కళ్ళు రెండూ వదిలిపెట్టి ఎక్కడ కొట్టినా మేమేమీ అనుకోము" అని చేతులు జోడించెను. మూడవ బాలుని ఇంటినుండి ఎన్ని కబురులు పంపినను ఎవ్వరును రారు. తల్లిదండ్రులు పొట్టకూటికై పట్టణమునకు వలసపోయిరి. ముసలి అవ్వయొద్ద ఆ పసివాడు పెరుగుచున్నాడు.

"బాబాయిగారూ, ఒకరు అననివ్వరు, ఒకరు కొట్టమంటారు, ఒకరు అసలే రారు. నేనేం చెయ్యాలి?" అని ఆ అమ్మాయి నన్నడిగినది. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచు శ్రీమద్భాగవతమున సప్తమ స్కంధమును మఱల పఠించితిని.

ప్రహ్లాదచరిత్రను మనము భక్తికథగా వినుచుందుము. అది భక్తికథయే. కాని దానిలో ఒక బడి కలదు. చండామార్కులను ఇద్దఱు ఉపాధ్యాయులు కలరు. ఒక తండ్రి కలడు. చెప్పిన పాఠమునకు తలయొగ్గని ఒక విద్యార్థియు కలడు. నేటి బడులలో మనము చూచుచున్న వివాదమంతయు ఆ కథలో ముందే నడచినది.

హిరణ్యకశిపుడు తన కుమారుని గురుపుత్రులకు అప్పగించి రాజ్యభోగములలో మునిగెను. ఒకనాడు కుమారుని ఒడిలో కూర్చుండబెట్టుకొని, నీకు మంచిదని తోచినదేదియో చెప్పుమనెను. ప్రహ్లాదుడు శ్రీహరిని ఆశ్రయించుటయే మేలని పలికెను. తండ్రి నవ్వెను, పసివాని బుద్ధిని పరులెవరో పాడుచేసిరని తలచి మఱింత జాగ్రత్తగా చదివింపుడని ఆజ్ఞాపించెను. గురువులు మొదట బుజ్జగించిరి, పిమ్మట గద్దించిరి, బెత్తము తెండనిరి. మరల తండ్రియెదుటికి వచ్చినపుడు బాలుడు నవవిధభక్తిని వివరించెను. అంతట ఆ తండ్రి ఎవరిపై మండిపడెను? మొదట కుమారునిపై కాదు, గురువులపై. శత్రుపక్షమును చేరి నా బిడ్డకు ఈ సారము లేని మాటలు నేర్పితిరని వారిని నిందించెను. వారేమనిరి? ఇది మేము నేర్పినది కాదు, మఱియొకరు నేర్పినదియు కాదు, వీనికి పుట్టుకతో వచ్చిన బుద్ధి, మాపై దోషము మోపవలదని వేడుకొనిరి. అప్పుడు తండ్రి కోపమంతయు బాలునిపైకి మరలెను. విషము పెట్టించెను, ఏనుగులచే త్రొక్కించెను, కొండలపైనుండి త్రోయించెను.

పాఠకులు గమనింపగలరు. బిడ్డను బడికి అప్పగించి మఱచుట, గురువుతో కలహించుట, బిడ్డను హింసకు అప్పగించుట - మా అమ్మాయి చూచిన మువ్వురు ఇంటివారి పోకడలును ఒక్క హిరణ్యకశిపునియందే వరుసగా కనబడుచున్నవి. వలసపోయిన పేదవారి లేమిని భోగలాలసుడగు రాజు మఱపుతో సమానము చేయరాదు. వారిది అశక్తత, అతనిది అలక్ష్యము. అయినను బాలుని పక్షమునుండి చూచినపుడు ఫలము ఒక్కటే: వాని మాట వినువారు ఇంట లేరు.

ఇక గురువుల మాటను విచారింతము. ఇది వీనికి సహజబుద్ధి అనిరి. నేటి ఉపాధ్యాయులును ఒక్కొక్కప్పుడు వీని పుట్టుకయే అంత అని పెదవి విఱుతురు. కాని ప్రహ్లాదుని బుద్ధి యెక్కడిది? తోడి బాలురు ఈ ప్రశ్ననే అడుగగా అతడు దాచక చెప్పెను. తాను తల్లి గర్భమున నుండగా నారదమహర్షి ఆమెకు తన ఆశ్రమమున ధర్మము నుపదేశించెను. కాలక్రమమున తల్లి మఱచినది, గర్భస్థశిశువు మఱువలేదు. గురువులు సహజమనుకొన్నది నిజమునకు ఒక ఉపదేశమే. ఆ ఉపదేశకుని వారు చూడలేదు, అంతియే.

ఈ ఘట్టమునందు ఉపాధ్యాయులకును తల్లిదండ్రులకును గొప్ప హెచ్చరిక కలదు. మనము స్వభావమని త్రోసివైచు గుణములలో పెక్కు మనము చూడని గురువు నేర్పినవే. మా అమ్మాయి తరగతిలోని బాలుడు బూతుమాటను తల్లిగర్భమునుండి తెచ్చుకొనలేదు. దానిని ఎవరో వాని చెవిని వేసిరి. రాత్రి పొద్దుపోవువఱకు సెల్‌ఫోను చూచి ఉదయము బడిలో చిఱచిఱలాడు బిడ్డకు ఆ చిఱాకు జన్మసిద్ధము కాదు. మంచిని గర్భమునందే గ్రహింపగల శిశువు చెడును ఇంటిలో గ్రహింపడా? కావున పూర్వవాసనలు లేవని కాదు. వాసనలపై భారము మోపి చేతులు దులుపుకొనుట తగదని నా మనవి.

ఇచ్చట ఒక ఆక్షేపము పుట్టవచ్చును. ప్రహ్లాదుడును గురువు మాట వినలేదు గదా, అల్లరిబాలుడును వినడు. ఇద్దఱకును భేదమేమి? గురువు మాట వినకపోవుట ఒకచోట గుణమై, ఒకచోట దోషమెట్లగును?

భేదము మాట వినుటలో లేదు. ప్రహ్లాదుడు గురువులు చెప్పిన పాఠమును శ్రద్ధగా విని, అడిగినపుడు అప్పగించెను. తనవారు, పరులు అను భేదబుద్ధిపై నిలిచిన ఆ నీతిని మనసున మాత్రము అంగీకరింపలేదు. అతడు గురువులను దూషింపలేదు. తోడి బాలురను బాధింపలేదు. గురువులు ఇంటిపనులకై పోయినపుడు ఆటకు పిలిచిన పిల్లలకు దయతో హితము చెప్పెను. తుదకు నృసింహస్వామి వరము కోరుకొమ్మనగా తన్ను హింసించిన తండ్రి పాపవిముక్తిని కోరెను. ఇతరులకు హింస లేక, తన లాభమునకు గాక, భయము పెట్టినను ప్రలోభపెట్టినను మారక నిలుచునది వివేకము. ఇతరులను నొప్పించుచు, తన ముచ్చట తీర్చుకొనుటకై, చూచువారు లేనపుడు విజృంభించునది అల్లరి. ఈ గీటురాయిని పట్టుకొన్న ఉపాధ్యాయుడు ప్రశ్నలడుగు బాలుని దుష్టుడని భ్రమపడడు. భయముచే నోరు మెదపని బాలుని సజ్జనుడని మురిసిపోడు.

అల్లరి దోషమని తేలినపిమ్మట దానిని తొలగించుటెట్లు? మన ధర్మశాస్త్రములనగానే బెత్తమే గుర్తుకు వచ్చువారు కలరు. కాని గౌతమ ధర్మసూత్రము శిష్యుని కొట్టకయే శాసింపవలెనని మొదట విధించినది. అది సాధ్యము కానపుడు సన్నని త్రాడును గాని వెదురుబద్దను గాని అనుమతించి, అంతకు మించిన గురువును రాజు దండింపవలెనని శాసించినది. మనుస్మృతి బోధనమును అహింసతోను మధురవాక్కుతోను చేయుమన్నది. ఆపస్తంబుడు శిష్యుని కన్నకొడుకువలె చూడవలెనని చెప్పి, అపరాధమునకు తగినంత మాత్రమే, అది మానువఱకు మాత్రమే దండనలను పేర్కొనెను. ఆ దండనలలో ఒకటి అదర్శనము. అనగా గురువు కొంతసేపు శిష్యుని తన యెదుటికి రానీయకుండుట. వీథిబడులలో కోదండము వేయుట, తొడపాశము పెట్టుట, గోడకుర్చీ వేయించుట ఈ సూత్రముల ఫలములు కావు. విసిగిన మనుష్యుల ఫలములు.

నేడు రాజశాసనమును ఒక అడుగు ముందుకు వేసినది. 2009లో వెలువడి 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము తన 17వ సెక్షనులో బాలలను శారీరకముగా దండించుటను, మానసికముగా వేధించుటను నిషేధించినది. 24వ సెక్షను తల్లిదండ్రులతో క్రమముగా సమావేశమై బిడ్డ హాజరును, చదువును, పురోగతిని తెలుపుట ఉపాధ్యాయుని విధియన్నది. ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య సంఘములలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండవలెనని 21వ సెక్షను చెప్పుచున్నది. కొట్టుటకు వీలులేనపుడు క్రమశిక్షణ యెట్లని కొందఱు వాపోవుదురు. అదర్శనమను దండనను తలపోసిన సమాధానము దొరకును. గురువు ముఖము చూడకుండుట ఎవనికి శిక్ష? ఆ ముఖము చూడవలెనని కోరువానికి. ప్రేమ లేనిచోట అది శిక్ష కాదు, సెలవు. కావున దండనకు ముందు ప్రేమను సంపాదింపవలెను.

దీనికి యశోదాదేవియే ప్రమాణము. గోపికలు వరుసగట్టి వచ్చి బాలకృష్ణుని అల్లరిని ఆమెకు చెప్పిరి. ఆమె వారితో కలహింపలేదు. పెరుగుకుండ పగులగొట్టిననాడు కఱ్ఱ చేతబట్టి తఱిమినది. పట్టుబడిన బిడ్డ కాటుక చెదరునట్లు కన్నులు నులుముకొనుచు వణకుట చూచి కఱ్ఱను పాఱవైచినది. కాని ఊరకయే విడిచినదా? లేదు, రోటికి కట్టుటకు పూనుకొన్నది. కఱ్ఱ విడిచినది, క్రమశిక్షణను విడువలేదు. త్రాడు రెండు అంగుళములు తక్కువయినను విసువక, చెమటలు గ్రమ్మినను విడువక ప్రయత్నించినది. ఆమె అలసటను చూచి ఆ స్వామి తనంతట తానే కట్టుబడెను. కొట్టుట క్షణకాలపు పని. కట్టుట అలసటతో కూడిన పని. పిల్లలను దిద్దువారికి ఆ అలసట తప్పదు. ఆ రెండు అంగుళములలో ఒకటి సాధకుని ప్రయత్నము, ఒకటి భగవదనుగ్రహమని పెద్దలు చెప్పుదురు. బడిలో త్రాడు చాలనపుడు ఆ కొఱత ఇంటినుండి పూరింపదగినదేమో యని కూడ చూచుకొనవలెను.

ఈ మాటలనే మా అమ్మాయికి చెప్పితిని. ఆమె ఒక ఆదివారము కేకలు వేసిన తండ్రి ఇంటికి వెళ్లినది. ఫిర్యాదుతో మొదలిడలేదు. మీవాడు లెక్కలలో చుఱుకైనవాడని, జబ్బుపడిన తోటిపిల్లవానికి మంచినీరు తెచ్చియిచ్చెనని చెప్పినది. అవి ఆమె కన్నులార చూచినవే. ఆ తండ్రి తన బిడ్డనుగూర్చి బడినుండి మంచిమాట వినుట అదియే మొదటిసారి. ఆ పిదప మాత్రమే మిగిలిన సంగతులు చెప్పినది. ఇంట ఎవ్వరును వానియెదుట బూతులాడరాదని ఇరువురును ఒక మాటకు వచ్చిరి. బడిలో ఆ బాలునకు గంట కొట్టు పనియు, మొక్కలకు నీరు పోయు పనియు అప్పగించినది. కొట్టుమన్న తల్లితో, కొట్టను గాని ప్రతి శనివారము మీరు వచ్చి వాని పుస్తకము చూడుడని చెప్పినది. ముసలి అవ్వయొద్దకు తానే పోయి, తల్లిదండ్రులతో ఫోనులో మాటలాడినది. ఆఱు నెలలు గడచినవి. మొదటి బాలుడు కొట్టుట మానినాడు. కుదురుగా కూర్చుండుట ఇంకను రాలేదు. రెండవవాడు చదువుచున్నాడు. మూడవవానికి ఫోనులో వినబడు తల్లి మాట చాలుట లేదు. ఒక్కొక్కనాడు బడికి రాడు. అన్నియు చక్కబడెనని చెప్పుట అసత్యమగును. ప్రయత్నము ధర్మము, ఫలము భగవదధీనము.

నంద్యాల జిల్లాలోని అహోబిలక్షేత్రమునకు వెళ్లు యాత్రికులు ఎగువ అహోబిలమున ప్రహ్లాద బడి యను స్థలమును దర్శించుచుందురు. పిల్లలను వెంటబెట్టుకొని అచ్చట నమస్కరించు తల్లిదండ్రులు ఒక్క నిమిషము ఆలోచింపవలెను. మా బిడ్డ ప్రహ్లాదుడు కావలెనని ప్రార్థించుట సులభము. మనము హిరణ్యకశిపులము కాకుండుట మనచేతిలోని పని. బడినుండి ఫిర్యాదు వచ్చిననాడు గురువును బిడ్డయెదుట నిందింపకుడు. బిడ్డను గురువుయెదుట కొట్టకుడు. ఇరువురి మాటను విడివిడిగా, పూర్తిగా వినుడు. ఈ మాటను ఇంట ఎవరు నేర్పిరని తమ్ము తాము ప్రశ్నించుకొనుడు. ఉపాధ్యాయులును ఇంటివారికి తప్పుతోపాటు బిడ్డలోని ఒక మంచిని తప్పక చెప్పవలెను.

అపరాధమెవ్వరిదను ప్రశ్నకు మువ్వురిలో ఒకనిని చూపి తప్పుకొనుట సమాధానము కాదు. ఎవరి వంతును వారు గుర్తెఱుగుటయే సమాధానము. ఆ వంతులలో మిక్కిలి చిన్నది పసివానిది. స్తంభమున నుండి వెలువడి బాలుని ఒడి చేర్చుకొన్న శ్రీ లక్ష్మీనృసింహస్వామి మన పిల్లలకు సద్బుద్ధిని, మనకు సహనమును అనుగ్రహించుగాక.