గిజిగాని గూడు – ఆదికవి శోకము

శ్రీమద్రామాయణమునకు బీజము ఒక పక్షిదంపతుల వియోగము. తమసానదీతీరమున క్రౌంచమిథునము ప్రణయక్రీడలో మైమరచి యుండగా నిషాదుడొకడు మగపక్షిని కూల్చెను. ఆడుపక్షి ఆక్రందనము వాల్మీకిమహర్షి హృదయమును కలచివైచెను. ఆ శోకమే శ్లోకమై వెలువడినది. వేట నిషాదునకు కులవృత్తియే గదా! అయినను మహర్షి శపించెను. జత కూడిన వేళ యని చూడక బాణము వేయుటయే అచ్చటి దోషము.

ఈ కథను నిత్యము పారాయణము చేయు కోనసీమ గృహస్థులకు అట్టి వేళ తమ కాలువగట్లమీదనే యేటేట కానవచ్చును. తాటిమట్టలకును, కొబ్బరియాకులకును వ్రేలాడు గిజిగాని గూళ్లను చూడనివారు ఆ సీమలో నుండరు. గిజిగాడు సంవత్సరములో చాలభాగము ఊరపిచ్చుకవలెనే యుండును. వానలు ఆరంభమైనంతనే మగపక్షి తలయు రొమ్మును నలుగు పెట్టిన పెండ్లికుమారునివలె పచ్చని వన్నె దాల్చును. పిదప వరియాకు, తాటాకు, కొబ్బరియాకుల అంచులు కొఱికి, సన్నని నారగా చీల్చి తెచ్చి ముక్కుతో ముడులు వేయుచు గూడల్లును. ఇందుకై వందలకొలది మారులు పోయి రావలయును.

గూడు బోర్లించిన బుట్టవలె సగమైనప్పుడు పని నిలుపును. ఆడుపక్షులు వచ్చినంతనే ఆ సగము గూటిని పట్టుకొని వ్రేలాడుచు, ఱెక్కలార్చుచు, కిచకిచమని పిలుచును. ఆడుపక్షి లోనికి దూరి పరీక్షించును. నచ్చదా, మఱియొక గూటికి పోవును. నచ్చినచో మగపక్షి గ్రుడ్లుంచు గదిని, క్రిందికి జాఱిన పొడవైన ద్వారమును పూర్తి చేయును. గూటిలో తడిమట్టియు మెత్తును. ఆ మట్టిలో మిణుగురులను దీపములుగా నతికించునని ఒక వాడుక కలదు గాని, అది కవులకు విడిచిపెట్టదగిన మాట.

కాబట్టి సగము గూడు విడిచిపోయిన గూడు గాదు. స్వయంవరమునకు వేసిన పందిరి. ఈ సంగతి నెఱుగక, ఆషాఢశ్రావణములలో వసారాకు అలంకారముగా నుండునని పిల్లలచేత గూళ్లు కోయించు పెద్దలు కలరు. లోపల రామాయణపారాయణము, గుమ్మమున పచ్చియారని గూడు! మాఘమాసమున అంతర్వేది శ్రీలక్ష్మీనరసింహస్వామివారి కల్యాణమునకు యాత్రికులు బయలుదేరునాటికి ఆ గూళ్లెండి, పక్షులెగిరిపోయి యుండును. అప్పుడు నేల రాలినదానిని ఏరి తెచ్చుకొన్నవారిని ఎవరును తప్పు పట్టరు.

ఇచ్చట నొక ఆక్షేపము కలదు. 1930లో బొంబాయి సమీపమున కిహిం గ్రామమునందు పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ ఈ పక్షులను ఓర్పుతో పరిశీలించెను. ఆడుపక్షి గ్రుడ్లు పొదుగుచుండగనే మగపక్షి వేఱొక గూటికి పూనుకొని, మఱియొక ఆడుదానిని పిలుచునని తేల్చెను. పొదుగుటయు, పిల్లలను సాకుటయు చాలవఱకు తల్లి భారమే. దక్షిణధ్రువపు మంచులో ఎంపరర్ పెంగ్విన్ అను పక్షిజాతియందు తండ్రియే గ్రుడ్డును పాదములపై నుంచుకొని, రెండు నెలలకు పైగా నిరాహారియై పొదుగును. అట్టిదానిని మెచ్చవచ్చును గాని, ఏకపత్నీవ్రతుడగు శ్రీరాముని కొలుచువారు ఈ చపలపక్షిని మన్నించుట యెట్లని కొందఱకు తోచవచ్చును.

ఆదికవి క్రౌంచముయొక్క శీలమును విచారించి కరుగలేదు. స్వామియు నట్టివాడే. విభీషణుడు సముద్రతీరమునకు శరణార్థియై వచ్చినప్పుడు, ఆపదలో అన్నను విడిచినవాడు మనల నెట్లు విడువడని సుగ్రీవుడు శంకించెను. ఆ శంక తెలివిమాలినది గాదు. రాజనీతి తెలిసినవాడు పలుకవలసిన మాటయే. శ్రీరామచంద్రుడు, వానియందు దోషమున్నను విడువనని పలికి, దృష్టాంతముగా ఏ మహర్షినో, ఏ చక్రవర్తినో ముందు చెప్పలేదు. ఒక పావురమును చెప్పెను. తన పెంటిని పట్టిన వేటగాడే చెట్టు నాశ్రయింపగా, ఆ మగపావురము వానిని అతిథిగా పూజించి, తన మాంసమునే యాహారముగా నొసగినది. పక్షియే అంత చేసినప్పుడు తనవంటివాడు చేయకుండుటెట్లని స్వామి ప్రశ్న. జానకిని కోల్పోయి యున్నవాడు, జతను కోల్పోయిన పక్షిని తలచుకొనెను.

శ్రావణమాసమున కాలువపైకి వంగిన తాటిచెట్టునకు సగము గూడు గాలికి ఊగుచుండును. మగపక్షి దానిని పట్టుకొని ఱెక్కలార్చుచుండును. ఆడుపక్షి ప్రక్కమట్టపై వ్రాలి చూచుచుండును. ఇంకను లోనికి పోలేదు.