కనిపించని అతుకు

కారు ముందు అద్దాన్ని మనమే మార్చుకోవచ్చా? చేతనైతే మార్చుకోవచ్చు, కారు మనదే కదా! రెండేళ్ల క్రితం నేనూ అలాగే అనుకున్నాను. టెక్సస్‌లో హైవే మీద కంకర లారీ వెనక పోతుంటే రాయి ఎగిరొచ్చి తగిలింది. మొదట గోరంత మచ్చ. వారం తిరిగేసరికి అద్దం ఈ చివర నుంచి ఆ చివరికి చీలిక. షాపువాళ్లు చెప్పిన ధర విని, నేనూ ఒక మిత్రుడూ కలిసి మేమే వేసేద్దామని కూచున్నాం.

పనికి తెలివికన్నా ఓపిక ఎక్కువ కావాలి. పాత అద్దం చుట్టూ ఉన్న జిగురులోకి సన్నటి ఉక్కుతీగ దూర్చి, కారు లోపల ఒకరు, బయట ఒకరు చెరో కొసా పట్టుకుని రంపంలా లాగుతూ పోవాలి. అద్దం ఊడొచ్చాక ఫ్రేము మీది పాత జిగురును పూర్తిగా గీకెయ్యకూడదు. ఒకటి రెండు మిల్లీమీటర్ల పొర ఉంచితే కొత్త జిగురు దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఈ చెక్కడంలో కత్తి జారి ఎక్కడైనా పెయింటు లేచిపోయి ఇనుము బయటపడితే, అక్కడ ప్రైమర్ పూసి ఆరనివ్వాలి. లేకపోతే తుప్పు పడుతుంది, తుప్పు మీద ఏ జిగురూ నిలవదు.

మాకు కత్తి జారింది. కుడివైపు కింది మూలలో బెత్తెడు గీత. ప్రైమర్ సీసా అప్పటికే ఖాళీ. చీకటి పడుతోంది. "యురెథేన్ పడితే అదే కప్పేస్తుంది రా, వదిలెయ్" అన్నాడు మిత్రుడు. వదిలేశాను. ఫ్రేము చుట్టూ జిగురు తాడులా పరిచి అద్దం దించాం. జిగురు ఎండకు పాడవకుండా అద్దం అంచున నల్లటి పట్టీ ఒకటి ఉంటుంది. అది నా గీతను కూడా దాచేసింది. రెండు రోజులాగి పైపుతో నీళ్లు కొట్టి చూశాం. చుక్క కారలేదు.

అంబాసిడర్ల కాలంలో ముందు అద్దం రబ్బరు బీడింగులో కూచునేది. రబ్బరు గాడిలో తాడు చుట్టి, లోపలినుంచి లాగుతూ అంచు మీదకి ఎక్కించేవాళ్లు. వానా గాలీ లోపలికి రాకుండా ఉంటే చాలు. ఇప్పటి కార్లలో అద్దం బండి ఒంట్లో భాగం. పల్టీ కొడితే కప్పు అణిగిపోకుండా అదీ ఒక చెయ్యి వేస్తుంది. చాలా కార్లలో పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ పైకి లేచి, అద్దాన్నే దన్నుగా చేసుకుని మనిషి వైపు తెరుచుకుంటుంది. ఢీకొన్నప్పుడు ముందు అద్దం ఊడకుండా నిలవాలని అమెరికా వాహన భద్రతా ప్రమాణాల్లో ప్రత్యేకంగా 212వ నిబంధన ఉంది. అంటే, ఆ బెత్తెడు గీతను నమ్ముకుని కూచునేది నాకన్నా నా పక్కన కూచునే మనిషి.

నెల తర్వాత అమ్మ వచ్చింది. ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికొస్తూ, "అద్దం నువ్వే వేశావటగా!" అని మురిసిపోయి వేలితో తట్టి చూసింది. అవునన్నాను. గీత సంగతి చెప్పలేదు. చెబితే కారెక్కదని కాదు. చెప్పినా ఎక్కుతుంది, బాధంతా అదే.

విలియం క్లిఫర్డ్ అనే ఇంగ్లీషు గణితవేత్త 1877లో నమ్మకాల నీతి గురించి ఒక వ్యాసం రాశాడు. అందులో ఒక ఓడ యజమాని ఉంటాడు. ఓడ పాతది, ఈ ప్రయాణానికి తట్టుకుంటుందా అని అతనికే అనుమానం. బాగుచేయిస్తే బోలెడు ఖర్చు. ఇన్నిసార్లు క్షేమంగా తిరిగొచ్చింది కదా అని తనకి తానే నచ్చజెప్పుకుని, వలసపోయే కుటుంబాలను ఎక్కించి పంపేస్తాడు. ఓడ మునిగితే దోషి అతనేనని అందరం ఒప్పుకుంటాం. క్లిఫర్డ్ అక్కడ ఆగడు. మునగకుండా ఒడ్డు చేరినా అతని తప్పు వీసమెత్తు తగ్గదంటాడు. అతని నమ్మకం నిజమైనదే కావచ్చు, కానీ అలా నమ్మే హక్కు అతనికి లేదు.

నా నీళ్ల పరీక్ష అలాంటిదే. అది కారుతుందా లేదా చెప్పింది, నిలుస్తుందా లేదా చెప్పలేదు. నేను అడగదలుచుకున్న ప్రశ్నే అడిగి, నాకు కావలసిన జవాబు తెచ్చుకున్నాను.

షాపులో వేసేవాడు మాత్రం కత్తి జారనిస్తే చెబుతాడా, అంటాడు మిత్రుడు. నిజమే, చెప్పకపోవచ్చు. కానీ వాడి తప్పు నాకు తెలియదు, నా తప్పు నాకు తెలుసు. ఆఫీసులో నేను రాసిన కోడ్‌ను ఇంకొకరు చూడందే బయటికి పంపనివ్వరు. అక్కడ మహా అయితే ఒక వెబ్‌పేజీ తెరుచుకోదు. ఇక్కడ చేసినవాణ్ణీ నేనే, చూసి సరే అన్నవాణ్ణీ నేనే.

అమ్మ వచ్చిన రెండో వారంలో షాపుకి తీసుకెళ్లి అద్దం మళ్లీ తీయించాను. అసలు మొదటే వాళ్లకిచ్చి ఉంటే అయ్యే ఖర్చుకన్నా ఎక్కువైంది. గీత దగ్గర ఏముందని ఆత్రంగా అడిగాను. "పదేళ్లు ఉండేదేమో, వచ్చే ఏడే వదిలేసేదేమో, ఎవరు చెప్పగలరు" అన్నాడతను. డబ్బు దండగ అన్నాడు మిత్రుడు. అతుకు తప్పకుండా ఊడేదని తేలుంటే మా ఇద్దరికీ వాదన సులువయ్యేది. తేలలేదు. అయినా, అమ్మను అడక్కుండా అమ్మ ప్రాణం మీద నేను వేసిన పందెం గెలిచేదా ఓడేదా అన్నది నాకు అవసరమైన లెక్క కాదు.

సొంతంగా చేసుకోవడం తప్పని ఇప్పటికీ అనుకోను. మళ్లీ చేస్తాను కూడా, రెండు సీసాల ప్రైమర్ దగ్గర పెట్టుకుని.

అద్దం మళ్లీ ఎందుకు మార్చావని అమ్మ అడిగింది. "గీత పడిందమ్మా" అన్నాను. అద్దం మీద అనుకుంది. కాదని ఇంకా చెప్పలేదు.