దోషమును పలుచన చేయుట

ఆంగ్లభాషలో ‘ఎక్స్‌టెన్యుయేట్’ అను పదము కలదు. అది ‘పలుచన చేయుట’ అను అర్థము గల లాటిన్ పదము నుండి పుట్టినది. ఆ లాటిన్ పదమునకును, ‘సన్నని’ అను అర్థము గల సంస్కృత ‘తను’ శబ్దమునకును మూలమొక్కటే యని భాషాశాస్త్రవేత్తలు నిర్ణయించిరి. నేరము జరిగిన పరిస్థితులను విచారించి దాని గురుత్వమును తగ్గించి చూపుట ఈ పదమునకు నేటి వాడుక. న్యాయస్థానములలో శిక్షను నిర్ణయించు వేళ ఈ మాట వినవచ్చును. నేరమే లేదని దీని భావము కాదు. నేరము నిలిచియే యుండును. దాని బరువు మాత్రము తగ్గును.

అయితే ఈ మాటను పలుకదగినవారెవరు? అపరాధము చేసినవారా, దానివలన బాధపడినవారా?

శ్రీమద్రామాయణము యుద్ధకాండమున దీనికి సమాధానము కలదు. రావణవధానంతరము హనుమంతుడు అశోకవనమునకు వచ్చి, సీతమ్మను హింసించిన రాక్షసస్త్రీలను వధించుటకు అనుజ్ఞ వేడెను. అమ్మ అంగీకరింపలేదు. వారు రాజునకు లోబడిన దాసీలనియు, అతని ఆజ్ఞ వలననే అట్లు చేసిరనియు, అతడు మరణించిన పిదప తన్ను బాధింపలేదనియు చెప్పెను. తాననుభవించిన దుఃఖము తన కర్మఫలమే యనెను. అపరాధము చేయనివారు లోకమున లేరు గనుక సత్పురుషులు పాపులయందును దయ చూపవలెననెను. వారు నిర్దోషులని మాత్రము ఆ తల్లి పలుకలేదు. ఆ వాదన యంతయు బాధపడిన నోటినుండియే వెలువడినది.

ఇక అపరాధి మార్గమెట్టిది? కాకాసురుడు ముల్లోకములు తిరిగి, రక్షించువారిని కానక, శ్రీరాముని యెదుటనే పడెను. తన చేతకు కారణములు చెప్పలేదు. బ్రహ్మాస్త్రము వ్యర్థము కారాదు గనుక ఒక కన్ను పోయినది, ప్రాణము దక్కినది. కరుణ వలన దోషము తేలికయైనదే గాని ధర్మము తప్పలేదు.

మనము దీనికి విపరీతముగా నడచుచున్నాము. దర్శనపు వరుసలో మనము ముందువారిని త్రోసినచో, బిడ్డ యేడ్చుచున్నదనియు ప్రొద్దు పోవుచున్నదనియు చెప్పుకొందుము. ఇతరులు త్రోసినచో వారికి భక్తియే లేదందుము. వారి చంకనున్న బిడ్డ మన కంటికి కనబడదు. మన దోషమును పలుచన చేసికొని, పరుల దోషమును చిక్కన చేయుదుము.

జీవుని పక్షమున అమ్మవారు స్వామికి విన్నవించుటను శ్రీవైష్ణవాచార్యులు పురుషకారమనిరి. తిరుచానూరులో అమ్మవారి సన్నిధిని చేతులు జోడించి మనము కోరునది ఆ విన్నపమునే గదా! తన కొరకు అట్టి దయను వేడువాడు, తన యింటిలో తప్పు చేసిన వాని పక్షమున ఒక్క మాటయైనను పలుకవలదా? తన తప్పును తానే ఒప్పుకొనుట శరణాగతి. పరుల తప్పును తేలికపరచుట అమ్మ చూపిన మార్గము.