పగ్గము గల గుండె

విశ్వాసికి కట్టుబాట్లుండుట అతని స్వేచ్ఛకు భంగమా? మన సంఘములలోని యౌవనస్థులు ఈ ప్రశ్నను పైకి అడుగకపోయినను మనస్సులో అడుగుచునే యున్నారు. దేవుడు చేసిన గుండెకాయను చూచి దీనిని ఆలోచింతము.

గుండె తనంతట తానే కొట్టుకొను శక్తి గలది. దాని యిష్టమునకు విడిచినయెడల నిమిషమునకు సుమారు 100 సార్లు కొట్టుకొనును. అయినను నెమ్మదిగా కూర్చున్న మనిషి నాడి 70 ప్రాంతమున నుండును. ఏలయనగా మెదడు అడుగుభాగమునుండి దిగివచ్చు వేగస్ అను నరము రాత్రింబగళ్లు దానిని పగ్గము పట్టి నిలుపుచున్నది. ఈ నరమును ప్రేరేపించినయెడల గుండె మందగించి ఆగునని 1845లో వెబర్ సోదరులు లోకమునకు తెలిపిరి.

ఇప్పుడు వడ్లబస్తా భుజమున కెత్తుకొనువానిని చూడుడి. బస్తా లేవకమునుపే, ఎత్తవలెనని అతడు పూనుకొనినప్పుడే, మెదడు ఆ పగ్గమును సడలించును. గుండె వెంటనే వేగపడును. పని భారమైన కొలది సింపథెటిక్ నరములను మరియొక జట్టు గుండెను ముందుకు తోలును. కండరములును తమ అక్కరను నరములద్వారా పైకి తెలుపుకొనును. ముందు పగ్గము సడలుట, ములుకోల ఆ తరువాత! సేద్యగాండ్రకు ఇది క్రొత్త సంగతి కాదు.

నరములు తెగిన గుండె ఎట్లుండును? 1967లో కేప్‌టౌన్ నగరమున డాక్టరు బర్నార్డు ఒకరి గుండెను మరియొకనికి అమర్చినది మొదలు ఇది అనేకులయందు చూడబడినది. అట్టి గుండెకు పగ్గము లేదు. ఊరకున్నప్పుడును 90, 100 సార్లు కొట్టుకొనును. అయితే మనిషి లేచి నడచినప్పుడు అది వెంటనే అందుకొనలేదు. రక్తములో ఎడ్రినలిన్ హెచ్చువరకు కొన్ని నిమిషములు కనిపెట్టవలెను. మనిషి ఆగిన తరువాతను అది త్వరగా నెమ్మదింపదు. కొందరిలో కొన్ని సంవత్సరములకు నరములు కొంతమట్టుకు మరల పెరుగును.

పగ్గము వదలిన గుండెయే పనికి ఆలస్యమాయెను! గలతీయులకు వ్రాసిన పత్రిక 5వ అధ్యాయమును పౌలు స్వాతంత్ర్యముతో ఆరంభించి, ఆత్మఫలమును చెప్పుచు చివర ఆశానిగ్రహమును ఉంచుట ఊరకయే కాదని తలంచుచున్నాము. శరీరమునుబట్టి సిద్ధాంతములు రుజువగునని మా భావము కాదు, పోలిక పోలికయే.

అయితే ఇందులో పెద్దలకును మాట యున్నది. వేగస్ నరము అకస్మాత్తుగా మితిమీరి బిగించినయెడల మనిషి సొమ్మసిల్లి పడును. ఆదివారపు బడి నడుపుటకును రోగులను దర్శించుటకును ముందుకు వచ్చినవానితో, నీవింకను చిన్నవాడవని ఎన్ని సంవత్సరములు చెప్పుదుము? ఈ నెల పెద్దల కూటములో ఈ సంగతి మాటలాడుకొనవలెనని కోరుచున్నాము.