పెంకుమీద పట్టణము

(యెహెజ్కేలు 4:1–3)



2022వ సంవత్సరము జూలై 16న భద్రాచలమువద్ద గోదావరి 71.3 అడుగులకు లేచినది. 53 అడుగులకే మూడవ ప్రమాద హెచ్చరిక యిత్తురు గదా. 1986లో 75.6 అడుగులు చూచిన వృద్ధులు ఆ వరదను ఈ వరదతో పోల్చుకొని చెప్పుకొనిరి. పిల్లలకు పోల్చుకొనుటకు అంతటి వరద వేరొకటి లేదు.

నీరు తీసిన పిమ్మట ఒక యూరికి ప్రార్థనకు వెళ్లితిని. అచ్చట ఒక చిన్నపిల్ల వరదనాటినుండి నోరు విప్పలేదు. వాకిట బురదతో యిల్లు కట్టి, చెంబెడు నీళ్లు పోసి కూల్చి, మరల కట్టుచుండెను. “అపశకునపు ఆట మానవే! అయ్యగారూ, మీరైనా చెప్పండి” అని నాయనమ్మ చెంబు లాగికొనెను. నేనును ఆమె పక్షమే వహించి, పిల్లకు కీర్తన నేర్పబోతిని. ఆమె నావైపు చూడనైన లేదు.

ఆ రాత్రి ఈ అధ్యాయము నాకెదురాయెను. కెబారు నదియొద్ద, చెరపట్టబడినవారి నడుమ ప్రవక్త యున్నాడు. దేవుడు అతని నాలుకను అంగిటికి అంటుకొనజేయుదునని చెప్పినట్లు ముందటి అధ్యాయములోనే యున్నది. అట్టివానికి మొదట అప్పగింపబడిన పని ప్రసంగము కాదు. పెంకుమీద యెరూషలేమును గీయవలెను, దానికి ముట్టడిదిబ్బ వేయవలెను, నడుమ ఇనుపరేకు నిలుపవలెను. యాజకుడైన పెద్దమనిషి నేలమీద పిల్లవానివలె ఆడుచున్నాడు! అది తీర్పునకు సూచన, ఓదార్పు కాదు; ఆ భేదము మరువరాదు. అయినను నోట పలుకరాని నాశనమును చేతితో చూపనిచ్చినవాడు దేవుడే.

వైద్యులును ఈ దారి నెరుగుదురు. వియన్నాలో నాటకములాడించిన జేకబ్ మోరెనో 1925లో అమెరికా చేరి, నాటకమునే మనోచికిత్సగా చేసెను. మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ అను వైద్యురాలు 1928లో లండనున చికిత్సాలయము తెరచి, పిల్లలకు ఇసుకపళ్లెము, నీళ్లు, చిన్న బొమ్మలు ఇచ్చెను. మన క్రిస్మసు నాటకములలో పిల్లలచేత మాటలు వల్లెవేయింతుము, మంచిదే. ఇచ్చటనో ఆట పిల్లది, మన వంతు చూచుటయే. ఆట నానాటికి భయమునే పెంచి, నిద్ర పట్టకుండ చేసినయెడల వైద్యునియొద్దకు కొనిపోవలెను. ప్రార్థన అందుకు అడ్డు కాదు.

మరునాడు చెంబు తిరిగి యిప్పించి, బురదలోనే కూర్చుంటిని. యిల్లు రెండుసార్లు కూలెను. మూడవమారు పిల్ల మోదుగాకు దొప్పను నీటిమీద విడిచి, అందులో మూడు రాళ్లు పెట్టెను. చెంబులో నీళ్లు అయిపోయినవి. నాయనమ్మ ఏమియు అనక, లోపలికి వెళ్లి ఇంకొక చెంబు తెచ్చి ఆమె ప్రక్కన పెట్టెను.