మూగజీవి, వైద్యుని రుసుం, మన బాధ్యత

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం నుండి తార్నాక వైపు వస్తున్న ఒక విద్యార్థికి దారి పక్కన కాలు విరిగిన కుక్క కనబడిందనుకుందాం. ప్రైవేటు పశువైద్యుని వద్దకు తీసుకెళితే రుసుం చెల్లించాలి. జీవకారుణ్య సంస్థకు ఫోను చేస్తే ఉచితమే, కాని వాహనం వచ్చేసరికి ఆలస్యం కావచ్చు. "నోరులేని ప్రాణికి వైద్యం చేయడానికి కూడా డబ్బులా?" అని అతనికి కోపం వస్తుంది. ఆ కోపం న్యాయమైనదేనా?

కుక్క ఎంగిలి విషయంలో శుభ్రతా నియమాలు ఉన్న మాట నిజమే. అవి కరుణకు అడ్డు కావు. దప్పికతో అల్లాడుతున్న కుక్క కోసం బావిలోకి దిగి, తన తోలు మేజోడులో నీళ్లు తెచ్చి తాగించిన వ్యక్తిని అల్లాహ్ క్షమించాడని దైవప్రవక్త (స) తెలియజేశారు. గమనించండి, ఆ మనిషి తానే బావిలోకి దిగాడు. మరొకరిని దిగమని చెప్పి, దిగనందుకు నిందించలేదు.

వైద్యుడు రుసుం తీసుకోవడం ధర్మసమ్మతమే. దైవప్రవక్త (స) స్వయంగా హిజామా చేయించుకుని, చేసినవారికి ప్రతిఫలం ఇచ్చారు. మందులకూ, క్లినిక్ అద్దెకూ ఖర్చు ఉంటుంది. అయితే ప్రాణం పోతున్న జీవిని కళ్లెదుట ఉంచుకుని, డబ్బు లేదని ప్రథమ చికిత్స కూడా నిరాకరించడం తగదు. విద్య కూడా అల్లాహ్ ఇచ్చిన అమానతే.

ఇక జీవకారుణ్య సంస్థలు. హైదరాబాదులో బ్లూ క్రాస్ 1992లో అక్కినేని అమల చొరవతో మొదలైంది. ఇటువంటి సంస్థల్లో 'ఉచితం' అంటే ఖర్చు లేదని కాదు, దాతలు భరిస్తున్నారని అర్థం. స్తోమత ఉండి కూడా తన పెంపుడు జంతువును అక్కడ వదిలి వచ్చేవాడు దిక్కులేని జీవి వాటాను లాక్కున్నట్టే. పెంచుకున్న ప్రాణి పోషణ యజమానిపై విధి. పిల్లిని బంధించి ఆకలితో చంపిన స్త్రీ నరకశిక్షకు గురైన విషయం మనకు తెలిసిందే.

2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కల దాడికి నాలుగేళ్ల బాలుడు బలయ్యాడు. విద్యాసంస్థల ఆవరణల నుండి వీధికుక్కలను షెల్టర్లకు తరలించాలని సుప్రీంకోర్టు 2025 నవంబరులో ఆదేశించింది. పసిబిడ్డల రక్షణ ముమ్మాటికీ అవసరం. కాని తరలించిన జీవికి తిండి, టీకా, వైద్యం ఎవరు ఇవ్వాలి? సంస్థకు వైద్యుడు కావాలి, వైద్యునికి ప్రతిఫలం కావాలి, ఆ ప్రతిఫలానికి మన సదఖా కావాలి.

ఒక జాగ్రత్త. జకాత్ హక్కుదారులను ఖుర్ఆన్ తౌబా సూరా 60వ ఆయతు ఎనిమిది వర్గాలుగా నిర్ణయించింది. కనుక జంతువుల కోసం జకాత్ కాక, సాధారణ సదఖా ఇవ్వాలి. మేకే జీవనాధారమైన పేదవానికైతే జకాత్ ఇవ్వవచ్చు. దానితో అతను తన మేకకు వైద్యం చేయించుకుంటాడు.

కాబట్టి ఆ విద్యార్థి ముందుగా తన జేబు చూసుకోవాలి. చాలకపోతే నలుగురు మిత్రులను కలుపుకోవాలి. అదీ కుదరకపోతే సంస్థకు ఫోను చేసి, వాహనం వచ్చేదాకా ఆ జీవి దగ్గరే నిలబడాలి. అలా నిలబడటమూ పుణ్యమే. మనలో ప్రతి ఒక్కరికీ ఆ సద్బుద్ధిని అల్లాహ్ ప్రసాదించుగాక!