రోగిని చూడ వెళ్లుట

ధ్యాన భాగము: మత్తయి 25:31–46



2022వ సంవత్సరము మార్చి 5వ తేదీన, మన పొరుగుననున్న రాజన్న సిరిసిల్ల జిల్లాలోను ములుగు జిల్లాలోను ప్రజల ఆరోగ్య వివరములు నమోదుచేయు కార్యమును ప్రభుత్వము ఆరంభించెను. ఆరోగ్య సిబ్బంది ఇంటింటికి వెళ్లి బి.పి., షుగరు పరీక్షించి, ఆ లెక్కలను కంప్యూటరులో చేర్చిరి. ఇప్పుడు ఇండ్లలో వాడుకొను చిన్న యంత్రములును వచ్చినవి. వ్రేలి చివరి రక్తపు బొట్టు పరీక్షించగానే లెక్క సెల్‌ఫోనుకు చేరును. ఇంటర్నెట్ ద్వారా దూరదేశమునకును పోవును.

మన కొడిమ్యాల, జగిత్యాల ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పనికి పోయినవారు అనేకులు. దుబాయిలోనున్న కుమారుడు ఊరిలోని తల్లి షుగరు ఎంతయో అక్కడనుండియే చూడగలడు. ఇది మేలైనది. పౌలు తన లేఖలో లూకాను వైద్యుడనియే ప్రేమతో పేర్కొనెను (కొలొస్స. 4:14). వైద్యమును త్రోసివేయుట విశ్వాసము కాదు.

అయినను లెక్క తెలిసినంతమాత్రమున మన ధర్మము తీరినదా? ఫోనులో 300 అని కనబడును. ఎందుకు పెరిగెనో కనబడదు. గోలీలు అయిపోయినవేమో. మోకాళ్ల నొప్పిచే దుకాణమువరకు నడువలేకున్నదేమో. ఒంటరితనమున వేళకు తినుట, మందు వేసికొనుట మానెనేమో. మంచము ప్రక్కన కూర్చుండి అడిగినవారికే ఇది తెలియును.

పన్నెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ ప్రభువు వస్త్రమును ముట్టగానే స్వస్థపడెను (మార్కు 5:25–34). పని ముగిసినదని ఆయన వెళ్లిపోలేదు. నిలిచి ఆమెకొరకు చూచెను. ఆమె సంగతియంతయు వినెను. ఆమెను కుమార్తెగా పిలిచెను.

యాజకుడును లేవీయుడును గాయపడినవానిని చూడకపోలేదు. చూచియే ప్రక్కగా పోయిరి (లూకా 10:31, 32). యంత్రము మనకు చూపును ఇచ్చును గాని కాళ్లను ఇయ్యదు.

రాలేని కుమారుని నిందింపకుడి. ఇంటివారి పోషణకొరకే అతడు దూరమున చెమటోడ్చుచున్నాడు. అతడు అక్కడ చూచిన లెక్కకు ఇక్కడి సంఘమే కాళ్లు కావలెను. ఈ ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట, బిడ్డలు దూరముననున్న ఒక వృద్ధురాలి ఇంటికి పోవుదము. మందులున్నవో లేవో చూచి, అవసరమైన ఆసుపత్రికి తోడు పోవుదము. అక్కడ వినిన రోగపు మాటను బజారున చెప్పక దాచుదము (సామెతలు 11:13).

తీర్పు దినమున ప్రభువు మన యెదుట పెట్టునది రోగిని గూర్చి మనకేమి తెలిసెనని కాదు, చూడ వచ్చితిమా లేదా అనియే. ఆ దినమున సిగ్గుపడకుండునట్లు ఆయన మన పాదములను నడిపించును గాక. ఆమేన్.